రెబెక్క టీచర్ క్లాసులో చీమ

దిల్‌సుఖ్‌నగర్ చరిత్ర ఎవరైనా రాయదలిస్తే మొదటి అధ్యాయం రెబెక్క టీచర్ చేతిగడియారానికి ఇవ్వాలి. రాజులు కిరీటం తీసి పక్కన పెట్టినంత గంభీరంగా ఆమె దాన్ని విప్పి బల్లమీద బోర్లా పెట్టేది. అప్పటినుంచి రెండో తరగతిలో కాలం ఆగిపోయినట్టూ, కథ మొదలైనట్టూ శాసనం. హెడ్మాస్టరు కూడా గుమ్మంలో గొంతు సవరించుకుని వెనక్కి మళ్లేవాడు.

అది అరవైతొమ్మిది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజులు, బళ్లు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో తెలిసేది కాదు. మన్సూరాబాద్ నుంచి నడిచొచ్చే రెబెక్కకు మాత్రం ఆ ఏడాది ఒకటే పట్టుదల, ఎండని చేప కథని పిల్లలచేత ఆడించాలని. చేప ఎండకపోవడానికి గడ్డిమోపు కారణం, మోపుకి ఆవు, ఆవుకి కాపరి. అలా ఒకరిమీద ఒకరు చెప్పుకుంటూ పోయి చివరికి పసివాణ్ని కుట్టిన చీమ దగ్గర తేలుతుంది. టీచరు పెట్టిన షరతల్లా, ఎవరింటి మాట వాళ్లు మాట్లాడాలి. చీమ వేషం సూర్యప్రభది. తెనాలి వాళ్ల పిల్ల. అంత మనసుపెట్టి కుట్టేవాళ్లు క్లాసులో మరొకరు లేరు.

సరిగ్గా ఆట రోజునే సూర్యప్రభ తల్లి హనుమాయమ్మ బడికి వచ్చింది.

"గొడవలు చూస్తున్నారుగా టీచరుగారూ. పిల్లని తీసుకుని తెనాలి, పుట్టింటికి వెళ్లిపోదామనుకుంటున్నాను. టీసీ ఇప్పించండి."

"జర కూసోండమ్మా. గీ ఆట అయినంక మాట్లాడుకుందాం," అంది రెబెక్క. చీమని వదులుకోవడం ఆమెకి ఇష్టం లేదు. అసలు సంగతి, ఆ పిల్లని వదులుకోవడమే ఇష్టం లేదు.

ఆట సాగింది. చేప మోపుని అంది, మోపు ఆవుని అంది, ఆవు కాపరిని, కాపరి బువ్వ పెట్టని అవ్వని. అవ్వ వేషం రాములమ్మది. పసివాడు సైదులు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఎందుకేడుస్తున్నవ్‌రా?" అంది రాములమ్మ.

"నేనేడుస్తలే."

"ఏడ్వాలెరా. అప్పుడే గదా కథ."

"నేను పుట్టల వేలు పెట్టలే. పెడితే సూర్యప్రభకు కోపమొచ్చి ఊరికి పోతది."

హనుమాయమ్మ మాటలు వాడి చెవిన పడ్డాయన్నమాట. ఇక పసివాడు ఏడవకపోతే అవ్వ బువ్వ పెట్టేస్తుంది, ఆవు గడ్డి మేసేస్తుంది, చేప ఎండిపోతుంది. తాతముత్తాతల నాటి కథకి దిల్‌సుఖ్‌నగర్‌లో నూకలు చెల్లేలా ఉన్నాయి. చేప వేషగాడు ఎండడానికి సిద్ధపడి అప్పుడే నేలమీద వెల్లకిలా పడుకున్నాడు కూడా.

సూర్యప్రభ నడుంమీద చేతులు పెట్టుకుంది. "పిచ్చిమొహమా, నువ్వు వేలు పెట్టకపోతే ఇక్కడ నాకేం పని? పెట్టు."

"పోవు గదా?"

"ముందు పెట్టవోయ్."

పెట్టాడు. కసిదీరా గిల్లింది. సైదులు వేషం సంగతి మరిచిపోయి నిజంగానే ఏడ్చాడు. కథ నిలబడింది.

హనుమాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. టీసీ మాట ఎత్తకుండా, "సోమవారం పంపిస్తాను లెండి," అని వెళ్లింది. అన్నట్టే పంపింది.

రెబెక్క ఈ విజయానికి ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంది. ఆపైన, కథలు ఆడించి చెప్తే పిల్లలే కాదు, తల్లులు కూడా ఎట్ల మారతారో హెడ్మాస్టరుకి అరగంట బోధించింది. ఆయన అంతా విని బుద్ధిగా తలూపాడు.

ఆ వారం విజయవాడ వైపు బస్సులు నడవలేదు.