చిన్నాయనకు సోకిన గాలి

మొన్న మన్నెగూడలో ఒక కొత్త దుకాణం ముందు దిష్టి తీసి, ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేశారు. ఆ ఘాటుకు నాకు దగ్గు కంటే ముందు కోపం వచ్చింది.

నా ఏడో ఏట మా చిన్నాయన మిలిటరీ నుంచి మా ఊరు ఇబ్రహీంపట్నం వచ్చేశాడు. సరిహద్దు కాల్పుల్లో ఆయన పక్కనే దోస్తు ప్రాణం విడిచాడట. తన గదిలో అన్నం తింటూ తింటూ చిన్నాయన చెవులు మూసుకుని మంచం కిందికి దూరేవాడు.

"వీనికి గాలి సోకింది," అని నానమ్మ తేల్చేసింది. మంత్రగాణ్ణి పిలిపించారు. మిరపకాయల పొగలోకి చిన్నాయన తల వంచి, ఇద్దరు గట్టిగా పట్టుకున్నారు.

"ఎవలు నువ్వు? చెప్పు!" అని మంత్రగాడు గద్దించాడు.

దయ్యం పలుకుతుందని అందరం చూశాం. చిన్నాయన దగ్గుతూనే తన మిలిటరీ నంబరు, పేరు చెప్పాడు.

నాకు తెలిసిన గాలి ఫ్యాన్ గాలే. మరునాడు మిట్టమధ్యాహ్నం ఆయన గదిలో ఫ్యాన్ ఆపేశాను.

"బంద్ జేసిన చిన్నాయనా. ఇగ నీకు గాలి సోకది."

"మంచిగ జేసినవ్ బిడ్డా," అన్నాడు, చెమట తుడుచుకుంటూ. "గా చప్పుడు హెలికాప్టర్ లెక్కనే ఉంటది. నా దోస్తును గందుల్నే తీస్కపోయిన్రు."

ఆ పూట ఆయన కంచం ముందు నుంచి లేవకుండా తిన్నాడు.

పంద్రాగస్టుకు శాలువా కప్పిన ఊరే ఆయనకు పొగ పెట్టింది. నీకేమైందని ఒక్కరూ అడగలేదు. అడిగిన ఒకే ఒక్క ప్రశ్న "ఎవలు నువ్వు" అన్నది.

అదీ దయ్యాన్ని.