మా అత్తగారి కాజాలు చేయని నేరం

మా అమ్మాయి పన్ను పుచ్చిపోవడానికి మా అత్తగారు తెచ్చే మలైకాజాలే కారణమని మా వైపు బంధువుల్లో ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. ఆ మాట పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నోరు మూసుకుని ఉన్నాను. అసలు కారణం మా రొయ్యల బెల్లం.

తోటపల్లి గూడూరు వైపు మాకు రొయ్యల గుంటలున్నాయి. నీళ్ళు బాగుండాలని బెల్లం, తవుడు, ఈస్ట్ డ్రమ్ములో పులియబెట్టి గుంటలో చల్లుతాం. అందుకని గట్టు మీద షెడ్డులో ఎప్పుడూ బెల్లం ఉంటుంది. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. బడి నుంచి రాగానే నా బండెక్కి గుంటల దగ్గరికి వచ్చేది. నేను మేత తట్ట పైకి లాగి రొయ్యలు ఎంత తిన్నాయో చూసుకునేదాకా, పిల్ల నీళ్ళ వైపు పోకుండా షెడ్డులో కూర్చోవాలి. అందుకు బెల్లం ముక్క చేతిలో పెట్టేవాణ్ణి. తను కొరికి మింగే రకం కాదు. బుగ్గన పెట్టుకుని ఇల్లు చేరేదాకా చప్పరించేది.

"అమ్మకు చెప్పబాక."

"చెప్తే?"

"రేపట్నించి బెల్లం రొయ్యలకే."

ఆ బేరం చాలాకాలం చక్కగా సాగింది.

ఒక ఆదివారం అన్నం నములుతూ బుగ్గ పట్టుకుని ఏడ్చింది. నెల్లూరులో పళ్ళ డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి, వెనక పాలపంటిలో నల్లటి తొర్ర చూపించింది. తీపి ఏం పెడతారని అడిగింది.

"మా అమ్మ వచ్చినప్పుడల్లా కాజాలు తెస్తాది మేడమ్," అంది మా ఆవిడ.

"ఎప్పుడో ఒకటి తింటే ఇంత కాదే. రోజూ ఏదో నోట్లో నానుతా ఉండాలి," అని డాక్టరమ్మ నా వంక చూసింది.

నేను గోడ మీది దంతం బొమ్మను శ్రద్ధగా చదువుకున్నాను. ఆమె తొర్రలో సిమెంటు నింపి, దీని వెనకాలే జీవితాంతం ఉండాల్సిన పన్ను వస్తోందని, అది పోతే మళ్ళీ రాదని చెప్పింది. రెండు పూటలా పెద్దవాళ్ళే దగ్గరుండి తోమాలని, బఠాణీ గింజంత పేస్టు చాలని కూడా చెప్పింది.

ఇంటికి రాగానే మా ఆవిడ ఫోనులో వాళ్ళమ్మను దులిపేసింది. మా వాళ్ళంతా విన్నారు.

తర్వాత అత్తగారు బోగోలు నుంచి వట్టి చేతులతో వచ్చారు. మనవరాలు సంచీ వెతుకుతుంటే, "ఏం లేదు బిడ్డా. నేను పెట్టిందే నీ పన్ను తినేసిందంట," అన్నారు. ఇక కొన్నాళ్ళు రానని మర్నాడే బయల్దేరారు. అప్పుడైనా చెప్పాల్సింది. నేను బస్టాండు దాకా దింపి, కిటికీ పక్కన సీటు మాత్రం చూసిపెట్టాను.

ఆ సాయంత్రం షెడ్డులో మా అమ్మాయి చెయ్యి చాపింది.

"డాక్టరమ్మ వద్దనింది గదమ్మా."

"అయితే పన్ను చెడగొట్టింది అవ్వ కాదని చెప్పేస్తా."

బేరాలు ఎవరి దగ్గర నేర్చుకుందో అడగనక్కర్లేదు. ఇస్తే కొత్త పన్ను పోతుంది, ఇవ్వకపోతే నా పరువు పోతుంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ముక్క విరిచి పట్టుకుని కాసేపు ఆలోచించాను. చివరికి నోరు తెరవమన్నాను. సిమెంటు నింపిన పంటి వెనకాల, చిగురు చీల్చుకుని బియ్యపు గింజంత తెల్లటి మొన కనిపించింది.

ముక్కను డ్రమ్ములో పడేసి, ఇంటికెళ్ళి చెప్పేశాను.

మా ఆవిడ ఫోను కలిపి నా చేతిలో పెట్టి, "ఆమెకు చెప్పు," అంది.

అత్తగారు అంతా విన్నారు. "రొయ్యలకు పళ్ళు లేవు గాబట్టి బతికిపోయినాయి అబ్బయా," అన్నారు. ఫోను పెట్టకుండానే పక్కనెవరికో, "నేను కాదంట, అల్లుడంట," అని గట్టిగా చెప్పడం వినిపించింది. తర్వాత ఇంకెవరికో.

ఆ వారమే వచ్చారు. గడప దాటగానే మనవరాలి బుగ్గ లాగి వెలుతురుకు తిప్పి కొత్త పన్ను చూశారు.

"దీన్ని తోమేది ఎవరు?"

"నాయనే," అంది పిల్ల.

"అయితే నేను కొన్నాళ్ళు ఈడనే ఉండాల," అని చెప్పులు విప్పి లోపలికి నడిచారు.