పసుపు అంటని పగడపు గొడుగు

మా అమ్మాయి సునీత పుట్టగొడుగుల మీద పరిశోధన చేస్తోంది. నేను ఏడో తరగతితో ఆగిపోయినవాణ్ని. "నాయినా, షామీర్‌పేట దాకా తోడొస్తవా?" అని తను అడిగితే నా సంతోషం ఇంతా అంతా కాదు. పగడంలా కొమ్మలేసే గొడుగులన్నిటినీ ఒకప్పుడు ఒకే ప్రజాతిలో చేర్చారట. మా చర్చిలో తెల్లచీర కట్టినవాళ్లంతా ఒకే ఇంటివాళ్లా? వాటి నుంచి రాలే పొడి పసుపు ఛాయలో ఉంటే రమేరియా అట, తెల్లగా ఉంటే వేరే ప్రజాతి అట. నిరుడు షామీర్‌పేట దగ్గరి ఒక తోటలో దొరికిన ఎండు ముక్కను సునీత రూపం చూసే రమేరియా అని రాసింది. తాజాది దొరికితే తప్ప ఆ మాట తేలదు. వానలు పోతే గొడుగులుండవు, అవేమో తగ్గుముఖం పట్టాయి.

ఉదయం ఆరున్నరకు మచ్చ బొల్లారంలో బయల్దేరి, అల్వాల్ దగ్గర కరీంనగర్ వైపు వెళ్లే బస్సెక్కాం. షామీర్‌పేటలో దిగి లాల్‌గడి మలక్‌పేట్‌కు ఆటో మాట్లాడుకుంటే నూటయాభై అయింది. దారి పొడుగునా డ్రైవరుకు నా బిడ్డ గురించే చెప్పాను.

"గొడుగులకు గూడ సదువుందా పెద్దాయనా?" అన్నాడతను.

"ఉన్నది. మా బిడ్డ సదివింది."

ఆ తోట లక్ష్మవ్వది. గొడుగుల కోసం వస్తున్నామని సునీత ముందురోజే ఆమెకు ఫోన్ చేసింది. వచ్చేవాళ్లకు పని తప్పించాలని ఆమె తెల్లారకముందే కనబడినవన్నీ తెంపి, మట్టి మొదళ్లు కోసేసి, పసుపునీళ్లలో కడిగి గిన్నెలో పెట్టింది. చూడబోయిందే రంగు, గిన్నె నిండా పసుపు. బిడ్డ మొహం చూడలేకపోయాను.

"మేమైతే తినం బిడ్డా. గింత దూరం వస్తున్రంటే వండుకుంటరేమో అనుకున్న," అంది లక్ష్మవ్వ.

సునీత కోప్పడలేదు. పక్కన కూర్చుని సంగతంతా నిదానంగా చెప్పి, అన్నీ తెంపిందా అని అడిగింది.

"సిన్నయి ఇడిసిపెట్టిన. పిల్లల్ని ఎవరు తెంపుతరు?"

కంచె వెంబడి వెతికితే వేలంత గొడుగు ఒకటి దొరికింది. సునీత దాన్ని మట్టితో సహా తీసి, ఒక కొమ్మను నల్లకాగితం మీద పెట్టి గిన్నె బోర్లించింది. లక్ష్మవ్వ పెట్టిన జొన్నరొట్టె, పప్పు తిని సాయంత్రం నాలుగు దాకా కూర్చున్నాం. గిన్నె ఎత్తితే కాగితం మీద సన్నని ముగ్గులా పొడి. తెల్లగా.

"నేను రాసింది తప్పు నాయినా," అంది సునీత. ఆ మొహంలో వెలుగు చూడాలి మీరు.

పేరు పెట్టడమే పెద్ద చదువని ఇన్నాళ్లూ అనుకున్నాను. తను పెట్టిన పేరును తనే కొట్టేసి అంత సంతోషపడడం నా బిడ్డకు ఎవరు నేర్పారో తెలియదు. నేనైతే నేర్పలేదు.

మీరూ ఇలాంటి పని మీద ఎవరి తోటకైనా వెళ్తుంటే, వస్తున్నామని చెప్పి ఊరుకోకండి. దేనికోసమో, ఏది ముట్టుకోకూడదో విడమర్చి చెప్పండి. ఇక్కడివాళ్లు మీ కోసం ఏదో ఒకటి చేసి పెట్టకుండా ఉండలేరు.