అజెండాలో లేని అంశం

మొన్న భీమవరం నుంచి వస్తూ బైపాస్ దగ్గర బస్సు దిగాను. రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఎవరో చేపకు బూడిద రాసి గరుకు బండ మీద తోముతున్నారు. ఆ రాపిడి చప్పుడు వినగానే తల దించుకుని నడిచాను. ఆ షెడ్డు అక్కడ ఉండవలసింది కాదు. మా ఊరి చేపల బజారు నడిబొడ్డున, కాలవ వంతెన దిగగానే ఉండేది. అది ఊరి బయటికి ఎలా వచ్చిందో తలచుకుంటే నాకు కామేశ్వరి మేడం గుర్తొస్తారు. ఆవిడ పోయి ఏడాది దాటింది.

మేడం కాలేజీలో పౌరశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మా మునిసిపల్ కౌన్సిల్ నెలకొకసారి సమావేశమయ్యేది. అక్కడ ఏం తీర్మానించారో ఊళ్లో ఎవరికీ తెలిసేది కాదు. ఇంటి ముందు గొయ్యి తవ్వినప్పుడు తెలిసేది. ఆవిడ లోకల్ కేబుల్ ఛానల్ వాళ్లను ఒప్పించి నెలకు రెండు అరగంటలు పుచ్చుకున్నారు. సమావేశానికి ముందు ఒకటి, రాబోయే అంశాలు చెప్పడానికి. తరువాత ఒకటి, ఏం జరిగిందో చెప్పడానికి. నేను ఆ ఛానల్లో కెమెరా పట్టేవాణ్ణి, వార్తలు కూడా రాసేవాణ్ణి. మొదటి నెల నేను రాసిచ్చిన కాగితం చూసి ఆవిడ కళ్లజోడు తీసేశారు.

“‘పలు అభివృద్ధి పనులకు ఆమోదం’ ఏంటి శీనూ? ఇది విని మున్సబుగారి వీధి ఆవిడకి ఏం తెలుస్తుంది?”

“ఆఫీసు వాళ్లు అలాగే రాసిచ్చారండి.”

“వాళ్లు తెలియకూడదని రాస్తారు. నువ్వు కూడా అందుకే రాస్తావా? ఏ వీధిలో తవ్వుతారు, ఎప్పుడు పూడుస్తారు, పన్ను పెరిగితే ఎవరి ఇంటికి పెరుగుతుంది, అది రాయి.”

అప్పటి నుంచి ప్రతి తీర్మానాన్నీ వీధి పేరుతో మొదలుపెట్టడం నాకు అలవాటైంది. జనం వినడం మొదలుపెట్టారు. టీ కొట్టు దగ్గర ఎవరైనా ఏదో పుకారు చెబితే, “మేడం గారు చెప్పారా?” అని అడిగే దాకా వచ్చింది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. ఆవిడకు మాత్రం కొంచెం భయంగా ఉండేదని తరువాత తెలిసింది.

ఒక వేసవిలో చేపల బజారును బైపాస్‌కు మారుస్తారన్న మాట పుట్టింది. చేపలమ్మే ఆడవాళ్లు కౌన్సిల్ జరిగే రోజు బేరాలు మానేసి, అందరూ ఎదురుగా ఉంటే సభ్యులు జంకుతారని వచ్చి హాల్లో కూర్చోవాలనుకున్నారు. వాళ్లలో నాగమణి అనే ఆవిడ స్టూడియోకు వచ్చింది.

“ఒక్కరోజు కూచుంటే ఐసు కరిగిపోద్దండి, సరుకంతా కుళ్లిపోద్ది. ఈ నెల మా సంగతి వత్తాదా రాదా, అది చెప్పండమ్మగారూ, చాలు.”

మేడం అజెండా మొత్తం రెండుసార్లు చదివారు. బజారు మాట ఎక్కడా లేదు. సమావేశం మొదలయ్యాక అప్పటికప్పుడు బల్ల మీద పెట్టే అంశాలు కూడా ఉంటాయి. టేబుల్ అజెండా అంటారు. కానీ మా ఊళ్లో దాన్ని సంతాప తీర్మానాలకూ, కాలిపోయిన నీళ్ల మోటార్లకూ తప్ప వాడగా ఆవిడ చూడలేదు. ఆ సాయంత్రం ఛానల్లో చెప్పారు: “బజారు విషయం ఈ నెల రావడం లేదు. చేపల బజారు వాళ్లు బేరాలు పాడుచేసుకోవద్దు.”

సమావేశం రోజు వెనక బెంచీల మీద మేమిద్దరమే ఉన్నాం. అంశాలన్నీ అయిపోయాయి. నేను కెమెరా సంచిలో పెడుతున్నాను. అప్పుడు గుమాస్తా లేచి సభ్యులకు ఒక్కో కాగితం పంచాడు. బజారు తరలింపు. ఎవరో “ఆమోదం” అన్నారు, మిగతావాళ్లు బల్లలు చరిచారు. అంతే. మేడం లేచి నిలబడ్డారు. వెనక కూర్చున్నవాళ్లకు మాట్లాడే హక్కు లేదు. కాసేపు నిలబడి మళ్లీ కూర్చున్నారు.

స్టూడియోకు వచ్చాక నేను కోపంగా రాసిచ్చాను: కౌన్సిల్ జనాన్ని మోసం చేసిందని. ఆవిడ చదివి పక్కన పెట్టారు.

“నిజమే కదండీ, మోసమే కదా!”

“నిజమే, అదీ చెబుదాం. కానీ వాళ్లని రావద్దన్నది కౌన్సిల్ కాదు. నేను.”

మరునాడు పొద్దున్నే బజారుకు బయలుదేరారు. నన్నూ రమ్మన్నారు, కెమెరా వద్దన్నారు. తడి నేల మీద చెప్పులు జారుతుంటే నిలదొక్కుకుని, అందరికీ వినబడేలా చెప్పారు: “రాదని నేను చెప్పాను. వచ్చింది. నా మాట నమ్మి మీరు రాలేదు. తప్పు నాది.”

“తప్పొప్పుకుంటే మా చోటు మాకొచ్చేత్తాదాండీ?” అంది నాగమణి, కత్తిపీట మీంచి లేవకుండానే.

“రాదమ్మా.”

“మరెందుకొచ్చేరు? చేపలు కొంటాకా?”

చుట్టూ నవ్వులు. ఎవరో, “టీవీ అమ్మగారికి ఓ తలకాయెయ్యవే, పులుసెట్టుకుంటారు” అన్నారు. మేడం బ్రాహ్మణ ఇల్లాలని అందరికీ తెలుసు. ఆవిడ కదల్లేదు. నేను మాత్రం రెండడుగులు వెనక్కి వేసి, ఎవరి కోసమో వచ్చినట్టు ఐసు పెట్టెల వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆ తరువాత ఆ ఆడవాళ్లు మా కార్యక్రమం వినడం మానేశారు. నెలకొకరు చొప్పున వంతు వేసుకుని తామే హాలుకు రావడం మొదలుపెట్టారు. ఒకసారి మేడం వెళ్లి నాగమణి పక్కన కూర్చుంటే, నాగమణి లేచి ముందు బెంచీకి మారింది. “వాళ్లు రావడమే కావలసింది శీనూ,” అన్నారు మేడం. “కానీ ఇలా కాదు.”

ఇప్పుడు ఆ ఛానల్ లేదు. కౌన్సిల్ విషయాలు నేను వాట్సాప్ గ్రూపులో రాస్తుంటాను. పోయిన నెల రైసుమిల్లు వెనక వీధి నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు.

“మా డ్రైను సంగతి రేపు వస్తాదా అండీ? రాదంటే పొలం పోతాను. నాట్లు పడతన్నాయి.”

అజెండా నా ఎదురుగానే ఉంది. అందులో డ్రైను లేదు.

“తెలియదండి” అన్నాను.

“అదేంటండీ, కాయితం మీకాడే ఉంటది గదా! మీకే తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తాది?”

ఆ హాల్లో మేడం లేచి నిలబడిన తీరు కళ్ల ముందు కదిలింది.

“కాగితంలో లేదండి. అయినా రావచ్చు. చివరి దాకా నేను కూర్చుంటాను. మీ వీధి పేరు వినబడితే ఫోన్ చేస్తాను. ఫోన్ గట్టు మీద పెట్టకండి, జేబులో ఉంచుకోండి.”