కప్పు పలికినంక ఆగొద్దన్న తాత

మీ నెత్తి మీది కప్పు ఎప్పుడు కూలుతుందో మీకు తెలుసా? తెలిసిన మనిషి ఒకాయన మన క్వార్టర్ల లైన్లోనే ఉండేవాడు. మొన్న తెల్లారి మణుగూరు దవాఖానాలో కన్నుమూశాడు. వెనక గ్రౌండులో బ్యాటు పట్టే పిల్లకు సొంత తాత. మనందరికీ తాతే.

బొగ్గుగనిలో ఆయన పని ఒకటే. జట్టు అడుగు పెట్టకముందే ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి వినడం. ఖంగుమంటే ముందుకు పోవచ్చు. డొల్లగా పలికితే అందరూ వెనక్కి పరుగెత్తాలి. "కప్పు పలికినంక ఆగొద్దు. టిఫిన్ డబ్బా పోయినా సరే, కదలాలె" అనేవాడు.

రిటైరయ్యాక కళ్లకు పొర కమ్మింది. అయినా రోజూ గ్రౌండు అంచున ఎర్ర కుర్చీ వేసుకుని, ఆటకు వీపు తిప్పి, బస్సు రోడ్డు వైపు ముఖం పెట్టి కూర్చునేవాడు. బ్యాటుకు బంతి తగిలిన చప్పుడే ఆయన చూపు.

"డొల్ల పలికింది బిడ్డా. కాలు ముందటికి రాలే."

"చూడకుండ ఎట్ల చెప్తున్నవ్ తాతా?"

"కొండ మాటే విన్నోణ్ణి, నీ కట్టె మాట వినలేనా?"

ఏడాదికేడాది డొల్ల తగ్గింది. బంతులు టేకు చెట్ల అవతల పడసాగాయి. పన్నెండేళ్లకే మగపిల్లల జట్టులో మొదటి బ్యాటింగ్ ఆమెదే. పోయినేడు ఖమ్మంలో జిల్లా జట్టుకు ఆడి, చివరిదాకా ఔటు కాకుండా నిలిచింది. ఇప్పుడు పద్నాలుగేళ్లు. రాష్ట్ర జట్టు క్యాంపుకు పిలుపొచ్చింది.

ఒప్పుకోవలసింది ఒకటుంది. ఆదివారం ప్రార్థన మానేసి ఆడుతోందని ఒకసారి ఆమె మీద ఈ మందిరం పాస్టరునైన నేనే ఉరిమాను. ఆ సాయంత్రం తాత వచ్చి, నేను ప్రసంగించే బల్లను వేలి కణుపుతో తట్టాడు. "గిది కూడ డొల్లనే అయ్యా" అని నవ్వాడు. ఆయన్ను ఓడించాలని కోపంతో బైబిలు తెరిచాను. దీపాన్ని వెలిగించి ఎవరూ కుంచం కింద దాచరన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. మరుసటి వారం నుంచి ఆటకు అడ్డు రాకుండా ప్రార్థన వేళ ముందుకు జరిపాను.

పోయే ముందురోజు తాత నా చెయ్యి పట్టుకున్నాడు. "నేను పోతే ఇంట్ల అందరు ఆగిపోతరు అయ్యా. జర చూడు."

అట్లాగే అయింది. క్యాంపు రేపు పొద్దున, హైదరాబాదులో. రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. పదకొండో దినం దాకా ఆ ఇంట్లో ఎవరూ గడప దాటొద్దని మన మందిరం పెద్దలు చెప్పారు. బ్యాటు అటకెక్కింది. "అయ్య పోయి మూడు దినాలు గాలే. బిడ్డను ఆటకు తోలితే నలుగురు ఏమంటరు అయ్యగారూ?" అన్నాడు పిల్ల తండ్రి.

నిన్న ఆ ఇంటికి వెళ్లాను. పిల్ల ఏడవడం లేదు. తాత కడ్డీ పట్టుకుని గోడను, నేలను, ఆయన పడుకున్న మంచం కోడును తట్టి వింటోంది. ఏది తట్టినా నా చెవికి డొల్లగానే వినిపించింది. నాకు భయమేసింది.

ప్రార్థనామందిరం గోడ మీద ఈ కాగితం చదువుతున్న పెద్దలారా, తండ్రిని పాతిపెట్టి వస్తానన్నవాడికి, ఆగకుండా నా వెంట రమ్మని ప్రభువు చెప్పిన మాట మీకు మళ్లీ నేను చదవాలా? మీ మాట వెనక్కి తీసుకోండి. నలుగురి నింద నా నెత్తిన వేయండి.

ఎర్ర కుర్చీ ఖాళీగా, ఇంకా బస్సు రోడ్డు వైపే చూస్తోంది. హైదరాబాదు బస్సు మధ్యాహ్నం రెండు గంటలకు. పిల్లను కన్న తమ్ముడా, అటక మీది బ్యాటు దించు. బిడ్డ చెయ్యి పట్టుకో. కప్పు పలికింది. ఇవాళే, ఇప్పుడే కదులు.