పెన్సిల్‌తో పెట్టిన ప్రశ్న

మా రికార్డు గది మేడం పోయారు. మొన్న ఆదివారం ఉదయం కోరుకొండ నుంచి వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి, "అక్క వెళ్ళిపోయిందండి" అన్నారు. తర్వాత ఆమె చెప్పినవేవీ నా చెవికెక్కలేదు. మేడంని క్షమాపణ అడగాలని ఇన్నేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. ఇక అడగడానికి మనిషి లేరు.

తొంభైల్లో నేను రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో కొత్త డాక్టర్ని. కేస్ షీట్లన్నీ చివరికి ఆవిడ గదికే చేరేవి. డాక్టరు రాసిన జబ్బుకి లావుపాటి పుస్తకంలో నంబరు వెతికి వేయడం ఆవిడ పని. స్కేలు పెట్టుకుని ప్రతి వరుసా చదివేవారు. అనుమానం వస్తే పక్కన పెన్సిల్‌తో సన్నగా ప్రశ్నార్థకం పెట్టి, షీటు పట్టుకుని తానే మెట్లెక్కి వచ్చేవారు. ఆ చెప్పుల చప్పుడు వింటే మేము తలోదిక్కూ తప్పుకునేవాళ్ళం.

తుని వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, కాన్పయిన మూడో రోజు ఒళ్ళు కాలిపోయే జ్వరంతో, బీపీ అందకుండా పడిపోయి చనిపోయింది. కారణం దగ్గర నేను "గుండె ఆగిపోవడం" అని రాశాను. మర్నాడే మేడం వచ్చారు.

"డాక్టరు గారూ, పోయినవాళ్ళందరికీ గుండె ఆగుతుందండీ. ఎందుకు ఆగిందో రాయండి. రక్తంలో క్రిములున్నాయని ల్యాబ్ రిపోర్టు ఉంది కదండీ."

"సెప్సిస్ అని మీరే వేసేసుకోండి."

"రిపోర్టు చూసి నేను వేయకూడదండీ. సెప్సిస్, సెప్టిక్ షాక్ అని మీరు రాస్తేనే నేను ఆ నంబరు వేయాలి. నంబరు పడితేనే పైవాళ్ళ కళ్ళలో పడుతుందండీ."

అలా రాస్తే లేబర్ రూములో ఏదో తేడా ఉందని ఒప్పుకున్నట్టే. ఆ రూము చూసే పెద్ద డాక్టరంటే నాకు హడల్. "మీ పని మీరు చూసుకోండి" అని కసిరాను. ఆవిడ షీటు తీసుకుని కిందికి వెళ్ళిపోయారు. ఆ వారమే అన్నవరం వెళ్ళొచ్చి, విస్తరాకు పొట్లంలో ప్రసాదం అందరితోపాటు నాకూ ఇచ్చారు. సిగ్గులేకుండా తిన్నాను. ఇంకో రెండుసార్లు షీటు తెచ్చారు. నేను రాయలేదు.

రెండు వారాలకి మరో బాలింత అచ్చం అలాగే చనిపోయింది. ఈసారి ఉన్నదున్నట్టు రాశాను. ఆవిడ ఆ నంబరు వేసి, షీటు తీసుకుని నేరుగా సూపరింటెండెంట్ గదికి వెళ్ళారు. సాయంత్రానికి లేబర్ రూము మూసేశారు. పరికరాలు మరిగించే డ్రమ్ము సరిగా వేడెక్కడం లేదని అప్పుడు బయటపడింది. ముందే రాసి ఉంటే ఆ రెండో తల్లి బతికేది. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. మేడం కూడా అనలేదు.

మర్నాడు రికార్డు గదికి వెళ్ళి, మొదటి అమ్మాయి షీటు ఇమ్మన్నాను. నేను రాసింది కొట్టేసి, కింద సరైన కారణం రాశాను. చనిపోయిన రోజు తేదీ వేయబోతుంటే ఆవిడ ఆపారు.

"దిద్దిన రోజు తేదీ వేయాలండీ. ఇవాళ్టిది."

ఆ తేదీ వేస్తే, రెండో తల్లి పోయాకే దిద్దానని కాగితం మీద ఉండిపోతుంది. కళ్ళనీళ్ళకి కాగితం కనబడలేదు. ఆవిడ తొందరపెట్టలేదు. నేను ఆ తేదీ వేసేదాకా, ఫ్యాను గాలికి షీటు లేచిపోకుండా, రెండు అరచేతులతో అదిమి పట్టుకుని నా పక్కనే నిలబడ్డారు.