శనివారం కేసు

సికింద్రాబాద్‌లో నేను పనిచేసిన ఆస్పత్రిలో శనివారం చనిపోయినవాళ్లది. రౌండ్లు ముగిశాక డాక్టర్లమంతా ఒక గదిలో కూర్చునేవాళ్లం. ఆ వారం ఎవరి రోగి చనిపోతే ఆ డాక్టరు లేచి నిలబడి కేసు చెప్పాలి. పేరు చెప్పకూడదు. వయసు, మంచం నంబరు, లక్షణాలు చెప్పాలి. అంతా విన్నాక మా పెద్ద డాక్టరుగారు ఎవరినీ తిట్టకుండా ఒక్కటే అడిగేవారు: "మనం చూడనిదేంది?" దానికి జవాబు దొరికాకే చాయ్ వచ్చేది.

పోలీసు చర్య జరిగిన ఏడాది ఆ చాయ్ ఆలస్యంగానే వచ్చేది. ముందు రజాకార్ల చేతిలో దెబ్బలు తిన్నవాళ్లు వచ్చారు. సైన్యం వచ్చాక, రజాకార్లన్న పేరు పెట్టి ఊళ్లలో కొడితే దెబ్బలు తిన్నవాళ్లు వచ్చారు. కుట్లు వేసేవాళ్లకు రెండు రకాల గాయాలూ ఒకేలా ఉండేవి.

నాకు పని నేర్పిన సీనియర్ డాక్టరు ఆ చలికాలంలో తన ప్రాణం తానే తీసుకున్నాడు. అప్పుడు మాత్రం అందరూ "గుండె ఆగింది" అన్నారు. తెలిసినవాళ్లూ అదే అన్నారు. ఆయన ఇంటివాళ్లను నేను తప్పుపట్టను, వాళ్లు నలుగురి మధ్య బతకాలి. నాకు ఒళ్లు మండింది మా డాక్టర్ల మీద. ఆ శనివారం ఎవరిదో జ్వరం కేసు చెప్పుకున్నాం. పక్కనే ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. చాయ్ తాగి లేచాం.

కొన్నాళ్లకు నాకు నిద్ర పట్టకుండా పోయింది. అన్నం గడ్డి తిన్నట్టుండేది. కాన్పు చేసి బిడ్డను చేతుల్లోకి తీసుకున్నా ఏమీ అనిపించేది కాదు. బోయిగూడలో మా వాడకట్టంతా "డాక్టరమ్మ" అని లేచి నిలబడేది. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత. ఒకరోజు వార్డులోంచి వస్తూ, నేను లేకపోతే బాగుండుననుకున్నాను. మర్నాడూ అనుకున్నాను. పోనుపోను ఆ ఆలోచన అలవాటైపోయింది. అలవాటైనందుకే భయమేసింది.

అమ్మతో చెప్పబోయాను. "డాక్టర్‌వు, నువ్వే గిట్ల పరేషానయితే ఎట్ల బిడ్డా? జెర కడుపు నిండ తిను, మంచిగైతది" అంది. ఆమెను ఏమనగలను? మా ఇంట్లో ఎవరికి ఏ రోగమొచ్చినా మందు చెప్పేది నేనే.

తర్వాతి శనివారానికి నా రోగులెవరూ చనిపోలేదు. అయినా లేచి నిలబడ్డాను.

"ఇరవై తొమ్మిదేండ్ల ఆడమనిషి. నిద్ర లేదు, ఆకలి లేదు, దేని మీద మనసు లేదు. చచ్చిపోవాలని రోజూ అనిపిస్తున్నది."

"ఎప్పుడు పోయింది?" అన్నారు పెద్ద డాక్టరుగారు.

"పోలేదు సార్."

"శనివారం పోయినోళ్లదే చెప్పాలె గద బేటీ."

"పోయినంక చెప్తే ఏం ఫాయిదా సార్? మొన్న ఒకాయన పోతే ఆయన కేసు సుత చెప్పకుండనే చాయ్ తాగినం."

గదిలో ఎవరూ నా వైపు చూడలేదు. "మంచం నంబరు?" అని అడిగారాయన. ఆ గొంతు విన్నాక ఆయనకు అర్థమైందని తెలిసింది.

"మంచం లేదు సార్. మీ ముంగటనే నిలబడ్డది."

నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఇక ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. ఆయన లేచి వచ్చి, ఎవరూ కూర్చోని ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నారు.

"నాకు సుత నిద్ర పడ్తలేదు బేటీ, ఆయన పోయినప్పటి సంది" అన్నారు. తర్వాత అందరి వైపూ తిరిగారు. "ఆయన కేసు ఎవరు చెప్తరు?"

ఒక డాక్టరు మొదలుపెట్టాడు. పోయినాయన చివర్లో మాతో కలిసి భోంచేయడం మానేశాడని ఒకరు, నవ్వడం మానేశాడని ఇంకొకరు చెప్పారు. అందరం తలా కొంచెం చూశాం. ఒక్కరమూ ఆయనను అడగలేదు.

నాకు సెలవిచ్చారు, వైద్యం చేయించారు, కొన్నాళ్లు ఒంటరిగా ఉండనివ్వలేదు. తేరుకోవడానికి చాలా నెలలే పట్టాయి. అప్పటినుంచి మా ఆస్పత్రిలో శనివారం బతికున్నవాళ్ల కేసు కూడా చెప్పుకోవచ్చని అయింది. చాలామంది చెప్పుకున్నారు.

ఇప్పుడు నేను పండు ముసలిదాన్ని. నా కేసు ఇంకా ముగియలేదు.